అడ్రస్ నుంచి మ్యాపు పాయింటు దాకా: సర్వర్ స్క్రిప్టుతో జియోకోడింగ్, తరచుగా అడిగే ప్రశ్నలు

మేం కొందరం కలిసి పాత పాఠ్యపుస్తకాలు సేకరించే చిన్న సైటు ఒకటి నడుపుతున్నాం. పుస్తకాలు ఇవ్వాలనుకున్నవాళ్లు ఫారంలో అడ్రస్ రాస్తారు. మా సర్వర్లోని పీహెచ్‌పీ స్క్రిప్టు దాన్ని అక్షాంశ రేఖాంశాలుగా మారుస్తుంది. ఆదివారం వ్యాను ఆ పాయింట్ల వెంట తిరుగుతుంది. రక్తదాతల జాబితా పెట్టినవాళ్లు, టిఫిన్ డెలివరీ మొదలుపెట్టినవాళ్లు, కాలేజీ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు కూడా ఇదే పని చేస్తూ అవే సందేహాలతో మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తుంటారు. ఆ ప్రశ్నలన్నీ వాళ్లడిగిన మాటల్లోనే, పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ముందువి చదవకపోయినా ఇబ్బంది లేదు.

## మొదలుపెట్టే ముందు

జియోకోడింగ్ అంటే లోపల ఏం జరుగుతుంది? అడ్రస్ నుంచి అక్షాంశం లెక్కకడతారా?

లెక్క కట్టడం కాదు, వెతకడం. ఊళ్లు, వీధులు, భవనాలు, పిన్‌కోడ్‌లు, వాటి అక్షాంశ రేఖాంశాలు ఉన్న పెద్ద డేటాబేసు ఒకటి ఉంటుంది. మీరు పంపిన అడ్రస్‌ను ఆ ప్రోగ్రాం మాటలుగా విడగొట్టి, ఏ మాట ఊరి పేరో, ఏది వీధో ఊహించి, బాగా కలిసిన రికార్డు పాయింటును తిరిగి ఇస్తుంది. అంటే డేటాబేసులో లేని వీధిని ఎంత మంచి స్క్రిప్టు రాసినా కనుక్కోలేం. పాయింటు ఇచ్చి అడ్రస్ అడగడాన్ని రివర్స్ జియోకోడింగ్ అంటారు.

సర్వర్లోనే ఎందుకు చేయాలి? బ్రౌజర్లో జావాస్క్రిప్టుతో అయిపోతుంది కదా?

అవుతుంది. కానీ మీ కీ, అంటే జియోకోడింగ్ సర్వీసు మీకిచ్చిన రహస్య కోడ్, పేజీ సోర్సులో అందరికీ కనిపిస్తుంది. ఒకే అడ్రస్‌ను పదిమంది చూస్తే పదిసార్లు అడగాల్సి వస్తుంది. సెకనుకు ఇన్నే అన్న హద్దు ఉన్నప్పుడు వందమంది బ్రౌజర్లను మీరు అదుపు చేయలేరు. సర్వర్లో అయితే ఒక్కసారి అడిగి, జవాబు దాచుకుని, అందరికీ అదే ఇస్తారు.

ఉచితంగా ఏ సర్వీసు దొరుకుతుంది? దేంతో మొదలుపెట్టాలి?

చిన్న సైటుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) డేటా మీద నడిచే నామినాటిమ్ అనే జియోకోడింగ్ ప్రోగ్రాం చాలు. దాని పబ్లిక్ సర్వర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, నియమాలు మాత్రం గట్టివి. సెకనుకు ఒక్క రిక్వెస్టు మించకూడదు. మీ అప్లికేషన్ ఏదో తెలిసేలా యూజర్ ఏజెంట్ పేరు పంపాలి. వచ్చిన జవాబులు మీ దగ్గరే దాచుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మ్యాపు దగ్గర చూపించాలి. టైపు చేస్తుండగానే అక్షరం అక్షరానికీ సూచనలు చూపించే పనికి ఆ సర్వర్‌ను వాడకూడదు. అది స్వచ్ఛంద సేవకుల శ్రమతో, విరాళాలతో నడిచేది. కాబట్టి ఈ నియమాలను మర్యాదగా పాటించాలి.

గూగుల్ జియోకోడింగ్‌కు 2018 నుంచి కీతోపాటు బిల్లింగ్ ఖాతా తప్పనిసరి. మన నగరాల్లో అపార్ట్‌మెంట్లు, షాపుల పేర్లు దానికి ఎక్కువగా తెలుసు. మన దేశపు మ్యాపు సర్వీసు మ్యాపిల్స్ కూడా ఉంది. ఏది ఎంచుకున్నా ముందు మీ ఫారంలో నిజంగా వచ్చిన ఓ యాభై అడ్రసులు తీసుకుని ప్రయత్నించండి. మీకు బాగా తెలిసిన ఊళ్లవి అయితే ఇంకా మంచిది, తప్పు కంటికి కనిపిస్తుంది.

అమెరికా అడ్రస్ ఇస్తే గుమ్మం దాకా చూపిస్తుంది. మన అడ్రస్ ఇస్తే ఊరి మధ్యలో పడేస్తుంది. తేడా ఎక్కడుంది?

తేడా ఇంటి నంబర్లలో ఉంది. అమెరికాలో ఒక వీధిలో నంబర్లు వరుసగా పెరుగుతాయి, సాధారణంగా సరి సంఖ్యలు ఒకవైపు, బేసి సంఖ్యలు మరోవైపు ఉంటాయి. అక్కడి జనగణన శాఖ టైగర్ అనే పేరుతో ప్రతి వీధి ముక్కకూ "ఈ కొస నుంచి ఆ కొసకు 100 నుంచి 198 దాకా" అన్నట్టు నంబర్ల పరిధితో డేటా ఇస్తోంది. 150 ఎక్కడుందో ఎవరూ గుర్తించి పెట్టకపోయినా, మధ్యలో ఎక్కడో ఉంటుందని ప్రోగ్రాం అంచనా వేయగలదు. దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు.

మన డోర్ నంబర్ వీధిని బట్టి రాదు. హైదరాబాద్‌లో 8-3-228 లాంటి నంబరులో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆ స్థలాన్ని అన్నదమ్ములు పంచుకుంటే 228/ఏ వస్తుంది, ఆ తర్వాత 228/ఏ/12 వస్తుంది. పక్క ఇంటికి ఎక్కడిదో నంబరు ఉంటుంది. వరుస లేనప్పుడు అంచనాకు దారి లేదు. పైగా మనం అడ్రస్ రాసేది పోస్ట్‌మ్యాన్ కోసం. "రామాలయం వెనుక, పాలకేంద్రం సందు" అంటే ఆయనకు చాలు. ఆ రామాలయం డేటాబేసులో ఉంటే ఉంది, లేకపోతే లేదు.

కాబట్టి మన దగ్గర జియోకోడింగ్ మొదలుపెట్టేవాళ్లు ముందే ఒక మాట ఒప్పుకోవాలి. చాలా అడ్రసులకు వచ్చేది ఇల్లు కాదు, కాలనీయో ఊరో. అది ఏ స్థాయి పాయింటో గుర్తుపెట్టుకుంటే దానితో ఎంతో పని చేయొచ్చు. గుర్తుపెట్టుకోకపోతే అదే పాయింటు మనల్ని తప్పు దారి పట్టిస్తుంది.

## అడ్రస్ తీసుకునేటప్పుడు

ఫారంలో ఒకే పెద్ద బాక్సు పెట్టాలా, ముక్కలు ముక్కలుగా అడగాలా?

డోర్ నంబరు, వీధి లేదా కాలనీ, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ విడివిడిగా అడగండి. గుడి, బడి లాంటి దగ్గరి గుర్తు రాయడానికి ఇంకో బాక్సు పెట్టండి. జిల్లా, రాష్ట్రం జాబితా నుంచి ఎంచుకునేలా ఉంటే స్పెల్లింగ్ గొడవ ఉండదు. నామినాటిమ్‌కు వీధి, ఊరు, రాష్ట్రం, పిన్‌కోడ్ విడివిడి పారామీటర్లుగా పంపొచ్చు, లేదా అంతా కలిపి ఒకే ప్రశ్నగా పంపొచ్చు. రెండూ ఒకే రిక్వెస్టులో కలపకూడదు.

యూజర్ రాసింది రాసినట్టే డేటాబేసులో ఒక కాలంలో (నిలువు వరుసలో) దాచండి. శుభ్రం చేసిన రూపాన్ని వేరే కాలంలో పెట్టండి. మా స్క్రిప్టు మొదటి రూపంలో అసలు టెక్స్టు మీదే మార్పులు చేసేవాళ్లం. తర్వాత శుభ్రం చేసే నియమంలో తప్పు దొరికింది, కానీ వెనక్కి వెళ్లడానికి అసలు అడ్రసులు లేవు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది.

పిన్‌కోడ్ తప్పనిసరి చేయాలా?

చేయండి. ఊరి పేరు తప్పు రాసినా కనీసం ప్రాంతం నిలబడుతుంది. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరు అంకెలు, మొదటిది సున్నా కాదు. 5తో మొదలయ్యేవి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలవి. అందులో 50 తెలంగాణకు, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్‌కు చెందుతాయి. రాష్ట్రం తెలంగాణ అని ఎంచుకుని పిన్‌కోడ్ 52తో మొదలైతే అక్కడికక్కడే అడగండి, జియోకోడింగ్ దాకా రానివ్వొద్దు. సరిహద్దు ఊళ్లవాళ్లు "అదే మా పిన్‌కోడ్" అంటే ఒప్పుకునే వీలు కూడా ఉంచండి.

పిన్‌కోడ్ అంటే ఒక బట్వాడా పోస్టాఫీసు పరిధి అని మాత్రం మరవొద్దు. పల్లెల్లో ఒకే పిన్‌కోడ్ కింద ఎన్నో ఊళ్లుంటాయి. పోస్టాఫీసుల, పిన్‌కోడ్‌ల జాబితా ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మీ డేటాబేసులో ఎక్కించుకుంటే జిల్లా, పిన్‌కోడ్ సరిపోతున్నాయో లేదో ఎవరినీ అడక్కుండానే చూసుకోవచ్చు.

"ఆంజనేయస్వామి గుడి ఎదురుగా" అని రాస్తున్నారు. ఇది తీసేసి పంపాలా?

నామినాటిమ్‌కు పంపేటప్పుడు తీసేయండి. ఎదురుగా, వెనుక, పక్కన, దగ్గర అనే మాటలు, తండ్రి పేరు, కేరాఫ్, ఫోన్ నంబరు ఉంటే వెతుకులాట తికమకపడుతుంది. అదనపు మాటలు ఎక్కువైతే ఖాళీ జవాబు రావడం మామూలే. కానీ డేటాబేసులోంచి మాత్రం తీసేయొద్దు. వ్యాను డ్రైవరు సందు మొదట్లో నిలబడి ఫోన్‌లో చదువుకునేది ఆ గుడి పేరే. ఆయనకు అక్షాంశం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

తెలుగులో అడ్రస్ రాస్తే పనిచేస్తుందా?

ఊళ్లు, పట్టణాల స్థాయిలో చాలావరకు పనిచేస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎన్నో ఊళ్లకు తెలుగు పేరు కూడా ఎక్కించి ఉంది. వీధులకు తక్కువ. కాబట్టి మొదట తెలుగులోనే అడిగి, దొరక్కపోతే ఊరి పేరును ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో మళ్లీ అడగండి. దీనికోసం ప్రతి మాటనూ అక్షరం అక్షరంగా మార్చే ప్రోగ్రాం రాయనక్కర్లేదు. మీకు వచ్చే ఊళ్ల పేర్లు కొన్ని వందలే ఉంటాయి, ఒక పట్టిక చాలు.

తెలుగు టెక్స్టులో కంటికి కనిపించని ఒక చిక్కుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు నిలవడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం పడుతుంది. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. మనకు ఒకేలా కనిపించే రెండు అడ్రసులు కంప్యూటర్‌కు వేరు. పోల్చే ముందు దాన్ని తీసేసి, యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే కోడ్ రూపంలోకి తేవడం) చేసి, ఎక్కువ ఖాళీలను ఒకటిగా కుదించండి.

పాత జిల్లా పేరు రాశారు. పాయింటు తప్పుతుందా?

తప్పొచ్చు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జనం మాత్రం అలవాటైన పేరే రాస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. 2014కు ముందు సేకరించిన జాబితాల్లో "హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్" అనే ఉంటుంది. ఇలాంటివి వస్తే జిల్లాను వదిలేసి ఊరు, పిన్‌కోడ్‌తో అడగండి. రాజమండ్రికీ రాజమహేంద్రవరానికీ, వైజాగ్‌కూ విశాఖపట్నానికీ, బెజవాడకూ విజయవాడకూ ఒక చిన్న మారుపేర్ల పట్టిక పెట్టుకోండి.

డిజిపిన్ అడిగితే ఈ గొడవంతా పోదా?

కొంత పోతుంది. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్ఆర్‌ఎస్‌సీ కలిసి తయారుచేసిన డిజిపిన్ 2025 మేలో వచ్చింది. దేశాన్నంతా సుమారు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ 10 అక్షరాల కోడ్ ఇస్తుంది. అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కతో వచ్చే కోడ్ ఇది. దాని లెక్క బహిరంగంగానే ఉంది కాబట్టి కోడ్‌ను తిరిగి పాయింటుగా మార్చడానికి బయట ఏ సర్వీసునూ అడగక్కర్లేదు, మీ స్క్రిప్టులోనే చేసుకోవచ్చు. ఫారంలో ఐచ్ఛికంగా ఒక బాక్సు పెట్టండి. తప్పనిసరి చేస్తే మాత్రం చాలామంది ఫారం మధ్యలోనే వదిలేస్తారు, వాళ్లకు తమ ఇంటి కోడ్ ఇంకా తెలియదు.

## స్క్రిప్టు రాసేటప్పుడు

అడ్రస్ మొత్తం పంపుతున్నా సగమే వెళ్తోంది. మిగతాది ఎక్కడ పోతోంది?

అడ్రస్‌లో హ్యాష్ గుర్తు (#) గానీ, ఆంపర్‌శాండ్ (&) గానీ ఉందేమో చూడండి. "ఫ్లాట్ #302, సాయి రెసిడెన్సీ" అని నేరుగా యూఆర్ఎల్‌కు అతికిస్తే హ్యాష్ తర్వాతిదేదీ అవతలి సర్వర్‌కు చేరదు. "రావు & సన్స్ పక్కన" అని ఉంటే ఆ గుర్తు దగ్గర కొత్త పారామీటరు మొదలైందని అనుకుంటుంది. యూఆర్ఎల్‌ను చేత్తో అతికించొద్దు. పీహెచ్‌పీలో హెచ్‌టీటీపీ బిల్డ్ క్వెరీ ఫంక్షన్‌కు, పైథాన్ రిక్వెస్ట్స్‌లో పారమ్స్‌కు, నోడ్‌లో యూఆర్ఎల్ సెర్చ్ పారమ్స్‌కు ఇస్తే అవే సరిగ్గా ఎన్‌కోడ్ చేస్తాయి. తెలుగు అక్షరాలకూ ఇదే దారి.

అదే లింకు బ్రౌజర్లో పనిచేస్తోంది, స్క్రిప్టు నుంచి 403 (అనుమతి లేదు) వస్తోంది. ఎందుకు?

బ్రౌజర్ తన పేరు తానే చెప్పుకుంటుంది, మీ స్క్రిప్టు చెప్పడం లేదు. నామినాటిమ్‌కు యూజర్ ఏజెంట్ హెడర్‌లో మీ సైటు పేరు, సంప్రదించే ఈమెయిల్ పెట్టి పంపండి. లైబ్రరీ తనంతట పెట్టే సాధారణ పేరు చాలదు.

గూగుల్ కీ సరిగ్గానే పెట్టాను. అయినా "రిక్వెస్ట్ డినైడ్" అంటోంది.

తరచుగా కనిపించే కారణం ఒకటుంది: ఆ కీని వెబ్‌సైటు చిరునామాకు, అంటే రెఫరర్‌కు, పరిమితం చేసి ఉంటారు. సర్వర్ నుంచి అడిగే జియోకోడింగ్‌కు అలాంటి కీ చెల్లదు. మ్యాపు చూపించడానికి రెఫరర్ పరిమితితో ఒక కీ, సర్వర్‌కు ఐపీ పరిమితితో ఇంకో కీ పెట్టుకోండి. సర్వర్ కీని కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచండి. ఇంకో సంగతి: ఇలా తిరస్కరించినప్పుడు కూడా హెచ్‌టీటీపీ కోడ్ 200, అంటే అంతా సరే, అనే వస్తుంది. లోపలి స్టేటస్ చూడకుండా 200 చూసి ముందుకెళ్తే ఖాళీ పాయింట్లు దాచుకుంటారు.

సబ్మిట్ నొక్కాక పేజీ చాలాసేపు తిరుగుతూనే ఉంది. ఏం చేయాలి?

యూజర్ ఎదురుచూస్తుండగా జియోకోడ్ చేయొద్దు. అడ్రస్‌ను "పెండింగ్" అని దాచి వెంటనే ధన్యవాదాలు చెప్పేయండి. నిమిషానికోసారి నడిచే క్రాన్ స్క్రిప్టు పెండింగ్‌వి ఒక్కొక్కటే తీసుకుని మారుస్తుంది. ముందు నడిచింది ఇంకా పూర్తికాకపోతే రెండోది మొదలవకుండా ఒక లాక్ ఫైలు పెట్టండి, లేకపోతే సెకనుకు ఒకటి అన్న హద్దు మీకు తెలియకుండానే దాటుతుంది. అప్పటికప్పుడే పాయింటు కావాలంటే టైమ్ అవుట్ 5 సెకన్లు పెట్టండి. అది దాటితే పెండింగ్‌లోకి వెళ్లాలి తప్ప ఫారం పోకూడదు.

హైదరాబాద్ అని ఇస్తే పాకిస్తాన్‌లో చూపించింది!

సింధ్‌లో కూడా హైదరాబాద్ అనే నగరం ఉంది. దేశం చెప్పకపోతే ఏదైనా రావచ్చు. నామినాటిమ్‌లో కంట్రీ కోడ్స్ పారామీటరుకు ఐఎన్ అని ఇవ్వండి, గూగుల్‌లో కాంపోనెంట్స్‌లో దేశాన్ని బిగించండి. నామినాటిమ్‌లో వ్యూబాక్స్ (వెతకాల్సిన ప్రాంతపు హద్దులు) ఇచ్చి, బౌండెడ్ 1 అని పెడితే ఆ చతురస్రం దాటి వెతకదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అక్షాంశం 12.5 నుంచి 20 దాకా, రేఖాంశం 76.5 నుంచి 85 దాకా పెడితే సరిపోతుంది.

## జవాబు వచ్చాక

పాయింటు వచ్చింది. అది సరైనదో కాదో స్క్రిప్టుకు ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి.

మా సైటు మొదలైన కొత్తలో వచ్చిన జవాబుల్లో మొదటిది కళ్లు మూసుకుని తీసుకునేవాళ్లం. ఒకావిడ రామాపురం నుంచి నాలుగు కట్టల పుస్తకాలు ఇస్తామని రాశారు. మన రెండు రాష్ట్రాల్లో రామాపురాలకు లెక్కలేదు. స్క్రిప్టు ఇంకో జిల్లాలోని రామాపురాన్ని ఎంచుకుంది. వ్యాను అక్కడికెళ్లి గంటసేపు వెతికి తిరిగొచ్చింది. ఆవిడ పుస్తకాలు కట్టి అరుగు మీద పెట్టుకుని సాయంత్రం దాకా ఎదురుచూశారట. ఆమె పిన్‌కోడ్ మా దగ్గరే ఉంది, కానీ వచ్చిన పాయింటుతో దాన్ని పోల్చి చూడలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే.

అప్పటినుంచి ప్రతి జవాబునూ మూడు రకాలుగా చూస్తున్నాం. మొదటిది, స్థాయి. గూగుల్ అయితే లొకేషన్ టైప్ అనే చోట చెబుతుంది: రూఫ్‌టాప్ అంటే భవనం, రేంజ్ ఇంటర్‌పొలేటెడ్ అంటే వీధిలో అంచనా, జియోమెట్రిక్ సెంటర్ అంటే వీధికో ప్రాంతానికో నడిమి పాయింటు, అప్రాక్సిమేట్ అంటే ఉజ్జాయింపు. పార్షియల్ మ్యాచ్ అని ఉంటే మీరు పంపినదాంట్లో కొంత దానికి దొరకలేదని అర్థం. నామినాటిమ్ అయితే అడ్రస్ టైప్‌లో ఇల్లా, రోడ్డా, గ్రామమా అన్నది తెలుస్తుంది. బౌండింగ్ బాక్సు (ఆ చోటు మొత్తం పట్టేలా గీసిన చతురస్రం) ఎంత పెద్దదో చూసినా అర్థమవుతుంది. రెండోది, జవాబులోని పిన్‌కోడ్, జిల్లా యూజర్ ఇచ్చినవాటితో కలుస్తున్నాయా. నామినాటిమ్‌కు అడ్రస్ డీటెయిల్స్ 1 అని పంపితే ఇవి విడివిడిగా వస్తాయి. మూడోది, ఒకే పేరుతో రెండు మూడు జవాబులు వచ్చాయా. వస్తే స్క్రిప్టు ఎంచుకోకూడదు, మనిషే ఎంచుకోవాలి.

ఈ స్థాయిని పాయింటు పక్కనే దాచండి. అక్షాంశం, రేఖాంశం మాత్రమే దాచితే ఆరు నెలల తర్వాత ఏది ఇల్లో, ఏది మండల కేంద్రమో చెప్పేవాళ్లుండరు. 17.385044 అని ఆరు దశాంశాలు కనిపిస్తే చూసేవాళ్లు నమ్మేస్తారు. ఊరి నడిమి పాయింటుకు కూడా ఆరు దశాంశాలే ఉంటాయి.

పదిమంది అడ్రసులు సరిగ్గా ఒకే పాయింటు మీద పడ్డాయి. అందరూ ఒకే ఇంట్లో ఉంటారా?

ఉండరు. వాళ్ల వీధులు దొరకక అందరికీ కాలనీ నడిమి పాయింటో, పిన్‌కోడ్ నడిమి పాయింటో వచ్చింది. డేటాబేసులో అక్షాంశ రేఖాంశాల వారీగా గ్రూప్ చేసి లెక్కపెట్టండి. ఎక్కువమంది ఉన్న పాయింట్లన్నీ దాదాపు ఇలాంటివే, ఒకే అపార్ట్‌మెంట్ అయితే తప్ప. మ్యాపులో వీటిని గుర్తుగా కాకుండా వృత్తంగా చూపించండి.

మా పాయింటు ధ్రువం దగ్గర మంచు దీవిలో పడింది. ఇంకొకటి సముద్రంలో పడింది.

మొదటిదానిలో అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. చార్మినార్ అక్షాంశం సుమారు 17.36, రేఖాంశం 78.47. వీటిని తిరగేస్తే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. మనం మాటల్లో అక్షాంశం ముందు చెబుతాం, మ్యాపు డేటా రాసే జియోజేసన్ పద్ధతిలో రేఖాంశం ముందు రాయాలి. మ్యాపు డేటా దాచే డేటాబేసు పోస్ట్‌జీఐఎస్‌లో పాయింటు చేసేటప్పుడూ రేఖాంశమే ముందు. మైఎస్‌క్యూఎల్ 8లో 4326 (మామూలు అక్షాంశ రేఖాంశాల) పద్ధతితో టెక్స్టు నుంచి పాయింటు చేస్తే అక్షాంశం ముందు. మన రాష్ట్రాల్లో ఎక్కడైనా అక్షాంశం 20 లోపే, రేఖాంశం 76 పైనే. ఈ ఒక్క పరీక్ష పెట్టినా తారుమారు పట్టుబడుతుంది.

రెండోది ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో ఉంటే అది సున్నా, సున్నా పాయింటు. జవాబు రానప్పుడు ఖాళీ విలువ సున్నాగా మారిపోయింది. దొరకనప్పుడు నల్ (విలువ లేదు) అనే దాచండి, కాలం టైపులో నల్ అనుమతించండి.

ఏమీ దొరకలేదని వస్తే?

ఒక్కో మెట్టు దిగుతూ అడగండి. ముందు డోర్ నంబరు తీసేసి వీధి, ఊరు. తర్వాత కాలనీ, ఊరు. తర్వాత ఊరు, మండలం, జిల్లా. చివరికి పిన్‌కోడ్. ఏ మెట్టు దగ్గర దొరికిందో ఆ మెట్టు పేరు దాచండి. పిన్‌కోడ్‌కు కూడా దొరక్కపోతే మనిషి చూడాల్సిన జాబితాలో వేయండి.

యూజర్‌నే మ్యాపు మీద గుర్తు జరపమని అడగొచ్చా?

తప్పకుండా అడగండి. ఆ ఇల్లు ఎక్కడుందో అందరికన్నా బాగా తెలిసింది ఆ ఇంటివాళ్లకే. ఉజ్జాయింపు పాయింటు చూపించి "మీ ఇల్లు ఇదేనా? కాకపోతే గుర్తును మీ ఇంటి మీదకు జరపండి" అని తెలుగులో రాయండి. జరిపిన పాయింటును "యూజర్ ఇచ్చింది" అని గుర్తు పెట్టి దాచండి. ఆ తర్వాత ఏ స్క్రిప్టూ దాన్ని మార్చకుండా చూసుకోండి. ఒకసారి మేం పాత అడ్రసులన్నీ మళ్లీ జియోకోడ్ చేస్తే, జనం ఓపిగ్గా సరిదిద్దిన పాయింట్లు చెరిగిపోయాయి. ఆ పని మీరు చేయొద్దు.

## దాచేటప్పుడు, చూపించేటప్పుడు

డేటాబేసులో ఏ టైపు కాలం పెట్టాలి?

డెసిమల్ 9,6 (మొత్తం 9 అంకెలు, అందులో 6 దశాంశాలు) చాలు. ఆరో దశాంశం అంటే సుమారు 11 సెంటీమీటర్లు, అంతకుమించి ఎవరికీ అక్కర్లేదు. వీటితోపాటు స్థాయి, ఏ సర్వీసు ఇచ్చింది, ఏ తేదీన వచ్చింది అనే కాలాలు కూడా పెట్టండి.

వచ్చిన పాయింట్లను ఎప్పటికీ దాచుకోవచ్చా?

సర్వీసును బట్టి ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వచ్చినవి దాని లైసెన్సు పాటిస్తూ దాచుకోవచ్చు. గూగుల్ నుంచి వచ్చిన అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి దాచకూడదని వాళ్ల షరతు. ప్లేస్ ఐడీని (ఆ చోటుకు గూగుల్ ఇచ్చే గుర్తింపు కోడ్‌ను) మాత్రం దాచుకోవచ్చు. గూగుల్ ఇచ్చిన పాయింట్లను వేరే కంపెనీ మ్యాపు మీద చూపించడానికీ వీల్లేదు. షరతులు మారుతుంటాయి, మొదలుపెట్టే రోజున ఒకసారి చదవండి.

"నాకు 5 కిలోమీటర్లలో ఎవరున్నారు" అని ఎలా వెతకాలి?

గోళం మీద రెండు పాయింట్ల మధ్య దూరం చెప్పే హావర్‌సైన్ సూత్రం వాడండి, భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లు. మైఎస్‌క్యూఎల్‌లో ఎస్‌టీ డిస్టెన్స్ స్ఫియర్ అదే పని చేస్తుంది. అన్ని వరుసలకూ దూరం లెక్కించే బదులు ముందు చతురస్రంతో వడపోయండి. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106. ఇది గాలిలో గీసిన గీత దూరం అని గుర్తుంచుకోండి. కృష్ణా గోదావరుల ఒడ్డు ఊళ్లలో అవతలి గట్టు 2 కిలోమీటర్లే కనిపించినా, వంతెన మీదుగా వెళ్తే ఎన్నో రెట్లు తిరగాలి.

అందరి ఇళ్లూ మ్యాపులో అందరికీ కనిపించేలా పెట్టొచ్చా?

పెట్టొద్దు. పేరు, అడ్రస్ వ్యక్తిగత సమాచారం, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వీటికీ వర్తిస్తుంది. ఎందుకు తీసుకుంటున్నారో ఫారంలోనే చెప్పి అనుమతి అడగండి. అడ్రస్‌ను బయటి జియోకోడింగ్ సర్వీసుకు పంపుతున్నారన్న సంగతి కూడా అక్కడే రాయండి. బహిరంగ మ్యాపులో పాయింటును రెండు దశాంశాలకు కుదిస్తే సుమారు కిలోమీటరు గడిలోకి మారుతుంది, ప్రాంతం తెలుస్తుంది, ఇల్లు తెలియదు. కుదించడం సర్వర్లోనే చేయాలి. బ్రౌజర్‌కు అసలు పాయింటు పంపి అక్కడ కుదిస్తే పేజీ సోర్సులో అంతా కనిపిస్తుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా మన ఫారం నింపుతారు. వాళ్ల ఇంటి గుమ్మాన్ని బజార్లో పెట్టే హక్కు మనకు లేదు.

## పెద్ద జాబితాలు, రోజువారీ నడక

ఎక్సెల్‌లో పదివేల అడ్రసులున్నాయి. ఒకేసారి మార్చేయొచ్చా?

సెకనుకు ఒకటి చొప్పున 10,000 అడ్రసులకు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. మెట్లు దిగుతూ మళ్లీ అడిగితే ఇంకా ఎక్కువ. కాబట్టి బ్రౌజర్లో పేజీ తెరిచి నడపొద్దు. వెబ్ సర్వర్ ప్రోగ్రాం ఎన్‌జిన్‌ఎక్స్ మామూలు సెట్టింగుల్లో 60 సెకన్లు జవాబు లేకపోతే 504 (సమయం దాటింది) ఇచ్చేస్తుంది. కమాండ్ లైన్ నుంచి నడపండి. ఒకే అడ్రస్ రెండుసార్లు ఉంటే ముందే కలిపేయండి. ఇలాంటి పెద్ద పని తరచూ ఉంటే పబ్లిక్ సర్వర్ మీద భారం వేయకుండా, భారతదేశం డేటా మాత్రమే దించుకుని సొంత నామినాటిమ్ పెట్టుకోవడం న్యాయం.

ఎక్సెల్ గురించి ఒక హెచ్చరిక. సీఎస్‌వీ ఫైలును దాంట్లో నేరుగా తెరిస్తే 3-4-12 అనే డోర్ నంబరును తేదీ అనుకుని మార్చేస్తుంది. సేవ్ చేస్తే అసలు నంబరు పోయినట్టే. ఇంపోర్టు దారిలో వెళ్లి ఆ కాలాన్ని టెక్స్టుగా ఎంచుకోండి.

మధ్యలో 429 వచ్చి ఆగిపోయింది. మొదటినుంచి నడపాలా?

అక్కర్లేదు, ప్రతి అడ్రస్ పూర్తవగానే దాని స్థితి డేటాబేసులో రాస్తుంటే. 429 అంటే తొందరపడుతున్నారని. 2 సెకన్లు ఆగి మళ్లీ అడగండి, మళ్లీ వస్తే 4, తర్వాత 8. అయిదుసార్లకూ కాకపోతే స్క్రిప్టును ఆపి మర్నాడు నడపండి. "దొరకలేదు" వేరు, "అడగలేకపోయాం" వేరు. రెండోదాన్ని మొదటిదానిగా రాసేస్తే ఆ అడ్రస్‌ను ఇంకెప్పుడూ ఎవరూ వెతకరు.

మా ఊరి వీధులే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేవు. ఇక చేసేదేమీ లేదా?

మీరే ఎక్కించొచ్చు. ఖాతా తెరిచి, ఉపగ్రహ చిత్రం మీద వీధి గీసి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పేరు రాస్తే సరి. గుడి, బడి, రేషన్ షాపు, వాటర్ ట్యాంకు, బస్టాపు కూడా పెట్టండి, మన జనం అడ్రస్‌లో రాసేది వాటి పేర్లే. ఇంకో మ్యాపు చూసి కాపీ చేయకూడదు, మీరు నడిచి చూసినవే రాయాలి. మా బృందంలో ఇద్దరు ప్రతి ఆదివారం వ్యానుతో వెళ్లినప్పుడు దొరకని వీధుల పేర్లు కాగితం మీద రాసుకొచ్చి సాయంత్రం ఎక్కిస్తారు. మర్నాడు పెండింగ్ జాబితాను మళ్లీ నడిపితే ఆ వీధివాళ్లు ఒకరిద్దరు మ్యాపు మీదకు వస్తుంటారు.